పద్నాలుగో నంబరు బాటిలు

ఇప్పటికి పదకొండు అర్జీలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. కాగితాలు రాలేదని కాదు, రెండు వచ్చాయి. మొదటిదాంట్లో నా అర్జీని సంబంధిత విభాగానికి పంపామని ఉంది. రెండోది ఆ విభాగం రాసినది. ఈ విషయం తమకు సంబంధించింది కాదు కాబట్టి మొదటి ఆఫీసుకే తిప్పి పంపామని అందులో ఉంది. రెండూ ఒకే రోజు ఒకే పోస్టులో వచ్చాయి. పోస్టుమ్యాన్ సంతకం తీసుకుంటూ, "ఏం పెద్దాయనా, సర్కారుతో వియ్యమందుతాండావా?" అని నవ్వినాడు. ఆ నవ్వు కూడా నేను గుర్తు పెట్టుకున్నాను.

నేను అడిగేది చిన్న పని. గోనెగండ్ల దాటి దేవనకొండ వైపు పోతే ఒక ఊరు వస్తుంది. ఆ ఊళ్లో మా అక్క ఉంది. ఆమె రోజూ తాగే బోరు నీళ్లలో రేడియోధార్మిక పదార్థం ఉందో లేదో కొలిచి చెప్పమంటున్నాను. ఇప్పటికే కొలిచామనీ, ఏమీ లేదని తేలిందనీ ఆ బోరు గోడకు ఒక కాగితం అంటించి ఉంది. ఆ కాగితం మీద ఉన్నది ఆ బోరు నీళ్ల ఫలితం కాదు. ఈ సంగతి నాకు ఎలా తెలుసంటే, ఆ కొలత జరిగిన ఇంట్లో మట్టి దంచిందీ, బాటిళ్లు కడిగిందీ, డబ్బాలకు టేపు చుట్టిందీ నేనే.

అంతకుముందు ముప్పై ఏళ్లు నేను ఆదోనిలో పత్తి చూశాను. మార్కెట్ యార్డులో కొన్నాళ్లు, జిన్నింగు మిల్లులో మిగతా కాలమంతా. చూడడమంటే చేత్తో చూడడం. సంచిలోంచి గుప్పెడు తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పింజ పొడవెంతో చెప్పేవాణ్ని. తేమ ఉందా లేదా అన్నది బుగ్గకు ఆనించుకుంటే తెలిసిపోయేది. ఒకే రైతు పత్తిని నాలుగు పేర్ల మీద నాలుగు కుప్పలు పోసినా పట్టుకునేవాణ్ని. మిల్లుకు యంత్రం వచ్చాక నా వేళ్లతో పని లేకుండా పోయింది. ఆ తర్వాత మిల్లే మూతపడింది. వీడ్కోలు రోజున అందరికీ శాలువా కప్పారు. నా వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. "మీకు ఇంటికి పంపిస్తాం" అన్నారు. ఇంకా రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ప్రాజెక్టువాళ్లు ఆదోనిలో పాత ఇల్లు ఒకటి అద్దెకు తీసుకున్నారు. వాళ్లది ఏ సంస్థో ఇక్కడ రాయను. రాస్తే దాన్నే సాకు చేసి మళ్లీ పక్కన పెడతారు. అంతకు కొన్నేళ్ల ముందు భూమి లోపల ఏ రాయి ఉందో చూసే సర్వే జరిగింది. మా అక్కవాళ్ల ఊరి గుట్ట వాలులో లోతుగా రంధ్రాలు వేసి, ఇనుప పైపులు దించి వెళ్లిపోయారు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఒకటే భయం. ఆ భయం తీర్చడానికే మట్టీ నీళ్లూ కొలుస్తామని ఈ ప్రాజెక్టు వచ్చింది. ఇంటి ఓనరు నాకు తెలిసినవాడు కావడంతో రోజుకూలికి పని దొరికింది.

పని కష్టమైనదేమీ కాదు. ఊళ్ల నుంచి సంచుల్లో మట్టి వస్తుంది. రాళ్లూ వేళ్లూ ఏరేయాలి. ఓవెన్‌లో ఆరబెట్టాలి. దంచి, సన్న జల్లెడ పట్టి, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో కూరాలి. తూకం వేసి, మూత బిగించి, గాలి చొరబడకుండా టేపు చుట్టి, తేదీ రాసి అలమరలో పెట్టాలి. తర్వాత నెల రోజులు దాన్ని ముట్టుకోకూడదు.

"నెల రోజులు ఏమిటికి సార్?" అని మొదటి రోజే అడిగాను.

అక్కడ అందరికీ పెద్దగా ఒకాయన ఉండేవాడు. నేను సారు అనేవాణ్ని. ఆయన నన్ను "పత్తీ" అనేవాడు. నా పేరు మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తలూపి మళ్లీ పత్తీ అనే పిలిచాడు.

"ఇందులో ఉన్న రాయిని తల్లి అనుకో పత్తీ. అది ఒక గాలిని కంటుంది. ఆ గాలికి రంగు లేదు, వాసన లేదు. పుట్టిన నాలుగు రోజుల్లోనే సగం చచ్చిపోతుంది. చచ్చేటప్పుడు అది ఇంకో బిడ్డను కంటుంది. మనం కొలిచేది ఆ బిడ్డల్ని. గాలి తప్పించుకుపోతే బిడ్డలు దొరకరు. అందుకని మూత బిగించి, లోపల పుట్టేవీ చచ్చేవీ సమానమయ్యేదాకా ఆగుతాం."

"మధ్యలో మూత తీస్తే?"

"మళ్లీ మొదటి నుంచి."

ఆయన ఇది చెప్పి టీకి పోయాడు. నేను అలమర ముందు నిలబడిపోయాను. మా మిల్లులో పత్తిని అదిమి బేలు కట్టాక పత్తి పత్తిలాగే పడి ఉంటుంది. ఇక్కడ మూత బిగించిన తర్వాతే పని మొదలవుతుంది. అలమర నిండా డబ్బాలు. ఒకటి గోనెగండ్ల మట్టి, ఒకటి ఎమ్మిగనూరు చేల మట్టి, ఒకటి చెరువు అడుగు బురద. మధ్యాహ్నం పూట, వీధిలో అందరూ తలుపులు వేసుకున్నాక, ఆ గదిలో కూర్చుంటే చెవులు రిక్కించి వినాలనిపించేది. ఏమీ వినపడేది కాదు. వినపడదని తెలిసీ వినేవాణ్ని.

పక్క గదిలో యంత్రం ఉండేది. సీసం ఇటుకలతో కట్టిన గూడులో డబ్బా పెట్టి మూసేస్తారు. గంటల తరబడి కొలుస్తుంది. ముందు ఉన్న తెర మీద ఒక్కొక్క చుక్కా పడుతూ గీత లేస్తుంది. కొన్ని చోట్ల ఆ గీత కొండలా మొలుస్తుంది. ఏ పదార్థపు కొండ ఆ పదార్థం చోటే మొలుస్తుంది, ఇంకోచోట మొలవదు. సారు కొండ చూసి పేరు చెప్పేవాడు.

ఒకరోజు ఆయన భోజనానికి పోతూ యంత్రం వేసి పోయాడు. నేను ఒక్కణ్నే ఉన్నాను. ఆ గూట్లో పెట్టింది ఖాళీ డబ్బా. కడిగి, తుడిచి, నేనే పెట్టాను. అయినా తెర మీద చుక్కలు పడటం మొదలైంది. మొదట ఒకటీ అరా. అరగంటకు సన్నటి గీత. ఆయన తిరిగి వచ్చేసరికి చిన్న చిన్న కొండలు.

"సార్, ఖాళీ డబ్బా పెట్టింటి. లెక్క వస్తాంది!"

"వస్తుంది. రాకపోతే యంత్రం పాడైనట్టు."

"యాడి నుంచి సార్?"

"గోడలోంచి. నేలలోంచి. ఆకాశంలోంచి. నీలోంచి, నాలోంచి." ఆయన మూతి తుడుచుకున్నాడు. "ముందు ఈ ఖాళీని కొలుస్తాం. తర్వాత అసలు లెక్కలోంచి దీన్ని తీసేస్తాం. మిగిలిందే మట్టిది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి బండల నేల మీద చాప పరుచుకుని కూర్చుంటే, నేల నన్ను చూస్తున్నట్టు అనిపించింది. మా ఆవిడతో చెబితే, "సాకు సాకు, ఇంక చాల్లే, అన్నం తిను" అంది.

నీళ్లకు వేరే యంత్రం. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పోసి, రెండు చుక్కల మందు వేసి, లోపల పెట్టి వెలుగు పంపితే, నీళ్లలో ఆ రేడియోధార్మిక లోహం ఉన్నప్పుడు ఆకుపచ్చగా తిరిగి వెలుగుతుందట. ఆ పచ్చదనం మన కంటికి అందదు, యంత్రానికే కనబడుతుంది. నీళ్లు పట్టడానికి కూడా పద్ధతి ఉంది. బోరును పది నిమిషాలు ఊరికే పారనివ్వాలి. బాటిల్లో ముందే వేసి పంపిన ఆసిడ్ చుక్కలు పోకుండా అంచుదాకా నింపాలి. ఆ ఆసిడ్ లేకపోతే లోహం బాటిలు గోడలకు అంటుకుపోయి, నీళ్లలో లేనట్టే కనిపిస్తుంది. ఇదంతా కాగితం మీద రాసి గోడకు అంటించారు. చదివింది నేనొక్కణ్నే అని ఇప్పుడు అనిపిస్తోంది.

మా అక్కవాళ్ల ఊరి నీళ్లు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. జీపు డ్రైవరు ఆరు బాటిళ్లు బల్ల మీద పెట్టాడు. పదకొండు నుంచి పదహారు దాకా నంబర్లు. పద్నాలుగు మా అక్క ఇంటిది. అన్నీ తళతళ మెరుస్తున్నాయి. అంత శుభ్రమైన బాటిళ్లు ఏ ఊరి నుంచీ రాలేదు.

ఆరు బాటిళ్ల అంకెలూ ఒకదాని పక్కన ఒకటి రిజిస్టరులో రాస్తుంటే నా చెయ్యి ఆగింది. ఆరూ ఒకటే. చిల్లరలో కాస్త తేడా తప్ప ఒకే నీళ్లను ఆరుసార్లు కొలిచినట్టు ఉంది. ఆరు పేర్ల మీద పోసిన ఒకే రైతు పత్తి ఇది.

"సార్, ఈ ఆరూ ఒకే నీళ్లు సార్."

"ఒకే బోరు కదయ్యా. ఒకేలా ఉండక?"

"ఒకే బోరైనా ఒకరు తొట్టిలోవి పడతారు, ఒకరు కొళాయివి పడతారు, కొంచెం తేడా ఉంటాది సార్. మనం ఇంతదాకా చూసిన ఏ ఊరూ ఇట్ల రాలే. పైగా ఆ ఊరి నీళ్లు ఉప్పు. ఉప్పు చూసే పరికరం ఉంది గదా, అది ఒకసారి పెట్టండి."

"మనకు అప్పజెప్పింది ఉప్పు కాదు పత్తీ."

ఆయన బయటికి పోయాక నేను ఒక పని చేశాను. చేయకూడదని తెలుసు. పద్నాలుగో బాటిలు మూత తీసి, ఒక్క చుక్క వేలి మీద వేసుకుని నాలుకకు రాసుకున్నాను. ఆ బోరు నీళ్లు నేను ఎన్నేళ్లుగానో తాగినవి. మా అక్క కాపురానికి పోయినప్పటి నుంచి ఎరుగుదును. నాలుక మీద పడితే ఉప్పు, ఆ వెనక చేదు. ఆసిడ్ చుక్కలు కలిశాయి కాబట్టి పులుపు కూడా ఉండాలి. ఏమీ లేదు. ఉప్పు లేదు, పులుపు లేదు, చేదు లేదు. నాలుక మీద తడి మాత్రమే ఉంది. నా జీవితంలో ఏ రుచీ నన్ను అంత భయపెట్టలేదు.

సారుకు చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది, కానీ నీళ్ల గురించి కాదు.

"శాంపిల్ నోట్లో పెట్టుకున్నావా?"

"ఒక్క చుక్క సార్. ఇది బోరు నీళ్లు కాదు సార్, నాకు తెలుసు, మా అక్క ఊరే అది..."

"నువ్వు చేసిన పని బయటికి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ల్యాబులో రుచి చూసేవాణ్ని పనిలో పెట్టుకున్నానని రాస్తారు. ఈ మాట ఇంకెక్కడా అనకు. రేపటి నుంచి నీళ్ల గదిలోకి రాకు."

అంతే. నేను చెప్పింది తప్పా ఒప్పా అని ఎవరూ అడగలేదు. నేను ఎలా తెలుసుకున్నానన్నదే నేరమైంది. రిపోర్టు పైకి వెళ్లిపోయింది. ఆఖరి రోజున అందరూ ఇంటి ముందు నిలబడి ఫొటో తీసుకున్నారు. ఫోను నా చేతికిచ్చి తీయమన్నారు. ఆ ఫొటోలో నేను లేను.

రిపోర్టు ఊరు చేరిందని మా అక్క ఫోన్ చేసింది. "మా నీళ్లు పాసైనాయి రా!" అంది. పది పాసైన మనవడి గురించి చెప్పినట్టు చెప్పింది. నేను మరుసటి రోజే బయల్దేరాను. సంచిలో ఒక బాటిలు పెట్టుకున్నాను. ఆసిడ్ చుక్కలు ముందే వేసిన బాటిలు, వాడకుండా మిగిలిపోయింది. దాని మీద నా చేత్తోనే పద్నాలుగు అని రాశాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సు, అక్కడి నుంచి గోనెగండ్లకు ఇంకో బస్సు, ఆపైన ఆటో.

బోరు గోడకు ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో అంటించి ఉంది. పైన పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టారు. బోరు చుట్టూ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి, మనుషులు లేరు. కరెంటు కోసం ఎదురుచూపు. ఎండలో ఆ బిందెల నోళ్లన్నీ ఒకే వైపు తిరిగి ఉండటం చూసి నేను దారి మార్చి, ఇళ్ల వెనక నుంచి అక్క ఇంటికి వెళ్లాను.

అక్క గడపలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. పక్కింటి ఆమె కూడా ఉంది. వాళ్లు క్రైస్తవులు. మా అక్కా ఆమే ఇరవై ఏళ్లుగా ఒకే పొలానికి కూలికి పోతారు.

"ఏం రా, సెప్పకుండా వచ్చినావు? సూడు, ఎట్ల సిక్కిపోయినాడో."

"అక్కా, ఆ పొద్దు నీళ్లు ఎట్ల పట్టినారో సెప్పు."

"యా పొద్దు?"

"మా ఆఫీసు జీపు వచ్చిన పొద్దు."

"ఆ పొద్దా. కరెంటు ల్యా. బోరు ఆడలే. డ్రైవరు ఇంటికొక బాటిలు ఇచ్చి, నీళ్లు పట్టి పెట్టండమ్మా, అన్నం తినేసొస్తామని పోయినాడు."

"ఏ నీళ్లు పట్టినావు?"

"ఏ నీళ్లేంది రా? మంచినీళ్లు."

"బోరువా?"

అక్క నా వైపు జాలిగా చూసింది. "నీకు బుద్ధి ఉండాదా? ఇంటికొచ్చినోళ్లకి ఎవురన్నా బోరు నీళ్లు ఇస్తారా? కారేసుకొని అంత దూరం నుంచి వచ్చినోళ్లు. వాళ్లకి ఉప్పునీళ్లు పోసి పంపితే మన మొగాన ఉమ్మేసి పోరా? క్యాను నీళ్లు పట్టినా. ఆ బాటిలు ఒకటి, ఏందో పుల్లటి వాసన కొట్టె. సింతపండేసి, బూడిదేసి తోమి, అద్దం మాదిరి చేసి ఇచ్చినా."

పక్కింటామె నవ్వింది. "మా ఇంట్లో క్యాను అయిపోయింటే, అక్కోళ్ల ఇంట్లో అడుక్కొచ్చి పోసినానన్నా. ఈదిలో అందరం అంతే. ఆ పొద్దు ఉన్న క్యాన్లే రెండు. పాసయినాయని చర్చిలో స్తోత్రం గూడా సెప్పినాము."

ఆరు బాటిళ్లు. రెండు క్యాన్లు. రెండూ ఎమ్మిగనూరు వైపు ఉన్న ఒకే నీళ్ల ప్లాంటువి. నా వేళ్లు, నా నాలుక, రెండూ తప్పు చెప్పలేదు.

"నాకు ఇయ్యవు గదా క్యాను నీళ్లు, ఎప్పుడు వచ్చినా బోరువే ఇస్తావు?"

"నువ్వు ఇంటోనివి రా. వాళ్లు నువ్వు పంపినోళ్లు. నువ్వే గదా ముందు రోజు ఫోన్ చేసి, మా సార్లు వస్తాండారు, మర్యాదగా చూసుకో, నా పరువు నిలబెట్టు అని సెప్పింటివి?"

చెప్పాను. ఈ సంగతి నా అర్జీల్లో ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. డ్రైవరు బద్ధకం నిజం, సారు నిర్లక్ష్యం నిజం, కానీ ఆ ఫోన్ చేసింది నేను. సార్ల ముందు మావాళ్లు మంచిగా కనబడితే, వాళ్లు నన్ను పేరు పెట్టి పిలుస్తారని ఆశపడ్డాను.

"ఇప్పుడు క్యాన్లు తెప్పించుకుంటాండారా?"

"ఇంగెందుకు? పాసైనాయి గదా. బోరువే తాగుతాండాము. ముందు క్యాను సుట్టాలకీ, జరమొచ్చినోళ్లకీ పెట్టుకుంటాంటిమి. ఇప్పుడు అదీ మానేసినాము."

 కాగితం రాకముందు ఆమె కనీసం భయపడేది.

కరెంటు రాలేదు. మధ్యాహ్నం మూడు దాటింది. "రా, గుట్ట కింద పైపు ఊపిరి తీస్తాది, సూపిస్తా" అంది అక్క. తమాషా చూపించే గొంతుతో అంది. ఆ పైపు బోరు నుంచి కేక వేస్తే వినపడేంత దూరంలో ఉంది. నడుమెత్తు ఇనుప గొట్టం. మీద తెల్ల రంగుతో ఏదో నంబరు. మూత ఎప్పుడో ఊడిపోయింది. చుట్టూ పత్తి చేను.

నేను ఒక కాయ తెంపి, పత్తి తీసి, అలవాటుగా పింజ లాగాను. పొడవు మధ్యరకం. ఆ పింజను రెండు వేళ్లతో పట్టి పైపు మూతి మీద పెట్టాను. చేలో గాలి లేదు. ఆకు కదలడం లేదు. పింజ మాత్రం పైకి లేచింది. లోపలి నుంచి చల్లటి గాలి నా మణికట్టుకు తగులుతోంది. వాసన లేదు.

"సూసినావా? పొద్దు తిరిగినాక ఆపేస్తాది. మళ్ల పీలుస్తాది" అంది అక్క. ఆమెకు ఆ వేళలు తెలుసు. దాని పక్కనే మేకలు మేపుకుంటూ కూర్చుంటుంది మరి.

నేను నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. పొద్దు వాలే కొద్దీ పింజ కిందికి దిగుతూ వచ్చింది. ఒక దగ్గర అటూ ఇటూ కాకుండా ఆగింది. తర్వాత లోపలికి వంగింది. నేను గట్టిగానే పట్టుకున్నాననుకున్నాను. వేళ్ల మధ్య నుంచి పింజ జారి, ఒకసారి తెల్లగా మెరిసి, గొట్టంలోకి పోయింది. అది ఎక్కడ ఆగిందో, ఆగిందో లేదో నాకు తెలియదు.

బయటి గాలి బరువు పెరిగి తగ్గినప్పుడు భూమి కూడా ఇలా గాలి పీల్చి వదులుతుందని తర్వాత కాలేజీలో చెప్పే ఒకాయన వివరించాడు. అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఆ మణికట్టు మీది చల్లదనం పోలేదు. ఆ పైపుకూ అక్క తాగే బోరుకూ లోపల దారి ఉందో లేదో నాకు తెలియదు. ఉందని నేను అనడం లేదు. ఎవరో ఏదో కలిపారనీ అనడం లేదు. మా రాళ్లలోనే పుట్టుకతో ఉందేమో, అసలు ఏమీ లేదేమో. కొలిస్తే గదా తెలిసేది.

మర్నాడు పొద్దున కరెంటు వచ్చింది. బోరును పది నిమిషాలు పారనిచ్చాను. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు తిట్టారు. "నీళ్లన్నీ నేలపాలు చేస్తాండాడు, ఈ ముసలోనికి ఏమైనాది?" అన్నారు. అంచుదాకా నింపాను. మూత బిగించి టేపు చుట్టాను. అక్కా పక్కింటామే సాక్షి సంతకాలు పెట్టారు.

ఆదోనికి వచ్చి ల్యాబు ఇంటికి వెళితే తాళం లేదు, తలుపు తీసే ఉంది. లోపల ఏమీ లేదు. అలమర ఖాళీ. సీసం గూడు ఉన్న చోట నేల చదరంగా కుంగి ఉంది. ఆ చదరం మధ్యలో నిలబడి సారుకు ఫోన్ చేశాను.

"ఎవరు?"

పేరు చెప్పాను. ఆయనకు గుర్తు రాలేదు. చివరికి "పత్తిని సార్" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

"ఓ, పత్తీ! చెప్పు."

చెప్పాను. క్యాన్లూ, చింతపండూ, అన్నీ.  

"ప్రాజెక్టు అయిపోయిందయ్యా" అన్నాడు. "ఇప్పుడు నేనేం చేయను?" తర్వాత ఆ నంబరు కలవడం మానేసింది.

ఆ ప్రాజెక్టు కాగితాలన్నీ చేరిన కర్నూలు ఆఫీసుకు బాటిలు పట్టుకుపోయాను. గేటు దగ్గర అటెండరు, "ఏమప్పా, మంత్రాలయం తీర్థమా? మాకూ ఒక సుక్క పొయ్యి" అన్నాడు. లోపల ఆఫీసరు బాటిలును ముట్టుకోలేదు. "ఎవరు తీశారు ఇది?" అన్నాడు. నేనన్నాను. "నీకేం అధికారం?" అన్నాడు. ఆ ల్యాబులో పనిచేశానన్నాను. రిజిస్టరు తెప్పించి చూశాడు. పనిచేసినవాళ్ల పేర్లున్న పేజీలో నా పేరు లేదు. రోజుకూలి మనిషిని ఏ పేజీలో రాస్తారు? నా చేతిరాత మాత్రం ఆ రిజిస్టరు నిండా ఉంది. అది నాదేనని వేలు పెట్టి చూపించాను. "చేతిరాతలు మేం చూడం" అన్నాడు. అట్లాంటి ఆఫీసులు ఇంకో రెండు తిరిగాను. ఒకచోట బాటిలు బల్ల మీద పెట్టనివ్వకుండా కింద పెట్టమన్నారు. ఒకచోట ప్రైవేటు శాంపిళ్లు తీసుకోబోమన్నారు. ఆ నీళ్లు తాగే ఊరు ప్రైవేటు ఎట్లయిందో చెప్పలేదు.

అక్కకు చెప్పి చూశాను. బతిమాలాను, అరిచాను.

"సర్కారోళ్ల కాయితం కంటే నువ్వు ఎక్కువ సదివినావా?" అంది. "అది తప్పయితే వాళ్లే వచ్చి సించేస్తారులే."

క్యాను వ్యాను అతనితో మాట్లాడి, రెండు రోజులకొకటి ఆమె ఇంట్లో దించే ఏర్పాటు చేశాను. పోయిన నెల వెళితే క్యాన్లు గడప లోపల వరసగా ఉన్నాయి, సీలు కూడా తీయలేదు. "సుట్టాలొస్తే ఉంటాయి లే" అంది. నాకు దాహం వేసి అడిగితే, చెంబు తీసుకుని బోరు నీళ్ల బిందె దగ్గరికి నడిచింది. నేను ఆ చెంబు అందుకుని కళ్లు మూసుకుని తాగాను. ఉప్పు, ఆ వెనక చేదు. అక్క తాగుతున్నదాన్ని నేను వద్దనలేకపోయాను.

ఆ బాటిలు ఇప్పుడు మా ఇంట్లో మా ఆవిడ చీరల పెట్టె పక్కన ఉంది. టేపు చెక్కుచెదరలేదు. నెల గడువు ఎన్నోసార్లు దాటింది. అందులో ఏదైనా ఉంటే అది ఎక్కడికీ పోదు. వందల ఏళ్లయినా అక్కడే కూర్చుని లెక్క ఇస్తుంది. దానికి తొందర లేదు. మా అక్కకు అరవై దాటింది. రోజుకు మూడు చెంబులు తాగుతుంది.

కాబట్టి ఈ పన్నెండోసారి అడుగుతున్నాను. సంబంధిత విభాగం అని రాయకండి. పేరు రాసి, సంతకం పెట్టి, ఒక మనిషి జవాబివ్వండి. నా బాటిలు మీద నమ్మకం లేకపోతే మీరే రండి, కరెంటు ఉన్న రోజున రండి, బోరు మీ కళ్ల ముందు పారనిచ్చి మీ చేత్తో పట్టుకోండి. ఏమీ లేదని తేలితే ఆ మాటే రాయండి, నేను ఆ ఊరి నడివీధిలో నిలబడి అందరి ముందూ తప్పు ఒప్పుకుంటాను. అందాకా ఆ గోడ మీది కాగితం చించేయండి. పసుపు కుంకుమ పెట్టిన కాగితాన్ని వాళ్లు చించరు, నన్ను చించనివ్వరు. అంటించింది మీరు, మీరే చించాలి. మా అక్క ఈ పొద్దున తాగిన నీళ్లలో ఏముందో మీలో ఎవరు చెబుతారు?